పష్తో రాని కళ్లతో పష్తో పోస్టులు తీసేయకండి

సోషల్ మీడియా కంపెనీల యాజమాన్యాలకు, మన దేశంలోని ఆఫీసుల్లో పోస్టులు పరిశీలించే విభాగాల పెద్దలకు, హైదరాబాద్‌లో ఆ పని మీద నైట్ షిఫ్టులు చేస్తున్న మన తెలుగు పిల్లలకు,

నమస్కారం.

నాది జగిత్యాల జిల్లా. షార్జాలో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో పదకొండేళ్లు టైమ్‌కీపర్‌గా చేసి, ఇంటికొచ్చి మూడేళ్లు దాటింది. పష్తో మాట్లాడే పష్తూన్ల, అంటే మనం పఠాన్లు అనేవాళ్ల సంగతి జగిత్యాలవాడికి ఎందుకని మీరు అడగొచ్చు. నిజానికి ఈ ఉత్తరం రాయాల్సినవాడు నేను కాదు. రాయాల్సినవాడు షార్జాలో నా రూములో ఉన్న పష్తూన్ డ్రైవరు. తన అకౌంటు ఎందుకు మూశారని మీలో ఒకరికి మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ మెషీన్ జవాబే వచ్చింది. నాలుగోసారి అతని తరఫున నేను మంచి ఇంగ్లీషులో రాయించి పంపాను. ఈసారి మెషీన్ కూడా పలకలేదు. అందుకని అందరి ముందూ రాస్తున్నాను.

ఏ కంపెనీయో పేరు పెట్టను. పెడితే మిగతావాళ్లు మాది కాదులే అని పక్కకు తప్పుకుంటారు.

మా రూములో ఎనిమిది మంచాలు, రెండంతస్తులవి. కింద నేను, నా పైన లాలా. లాలా అంటే వాళ్లలో అన్న అని. అసలు పేరు రాయను, కారణం ముందుకు పోతే మీకే అర్థమవుతుంది. ట్రెయిలర్ నడిపేవాడు. పాకిస్తాన్‌లో ఆఫ్ఘన్ సరిహద్దు పక్కనున్న దక్షిణ వజీరిస్తాన్‌లో మకీన్ వైపు పల్లె, మెహసూద్ తెగ. 2009 అక్టోబరులో పాకిస్తాన్ సైన్యం అక్కడ తాలిబాన్ మీద 'రాహె నిజాత్' అనే ఆపరేషన్ మొదలుపెట్టినప్పుడు లక్షలమంది ఇళ్లు విడిచి కింద ఉన్న టాంక్ పట్టణానికీ, డేరా ఇస్మాయిల్ ఖాన్‌కూ దిగివచ్చారు. లాలా ఇంటివాళ్లూ అలాగే వచ్చారు. ఏళ్ల తరబడి అద్దె ఇంట్లో ఉండి, తండ్రి అక్కడే కన్నుమూశాడు. సొంత ఊరి మట్టి దొరకలేదు.

లాలా చదివింది ఐదో తరగతి, అదీ ఉర్దూలో. తన భాష రాయడం అతనికి ఎవరూ నేర్పలేదు. అయినా డ్యూటీ దిగాక అతను బతికేది పష్తోలోనే, గాజు పగిలిన ఆ ఫోన్‌లోనే. పైమంచం మీద పడుకుని తల్లికి వాయిస్ మెసేజీలు పెట్టేవాడు, పొడుగ్గా, మధ్యలో దగ్గుతూ. మేము ఇంటికి ఇమోలో మాట్లాడుకున్నట్టే. పెషావర్ వైపు అమ్మను 'మోర్', నాన్నను 'ప్లార్' అంటారు. వజీరిస్తాన్ నోట అవి 'మేర్', 'ప్లోర్' అవుతాయి. పక్క రూములోని పెషావర్ డ్రైవర్లు అది పట్టుకుని అతన్ని ఏడిపించేవాళ్లు. నాకు మా సంగతి గుర్తొచ్చేది. తెలంగాణ యాసను రౌడీకో, నవ్వించే నౌకరుకో తప్ప హీరోకి ఇవ్వని సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లం మేము.

2021లో సెలవు మీద పోయినప్పుడు లాలా తన ఊరు చూసొచ్చాడు. కూలిన ఇంట్లో నడుస్తూ ఒక వీడియో తీశాడు. చాలాసార్లు చూశాను కాబట్టి చెప్పగలను. రెండు నిమిషాలు కూడా ఉండదు. పైకప్పు లేని గది, గోడలో సామాను పెట్టుకునే గూడు, ఆ గూట్లో మొలిచిన గడ్డి. "ప్లోర్, ఇది నీ గూడు" అంటాడు. కెమెరా కిందికి దిగితే చేతిలో ఎరుపూ నలుపూ కలిసిన టోపీ. వీడియో కింద ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పులతడకగా, పష్తోలో ఒక వాక్యం: నా తండ్రి షహీద్, అంటే అమరుడు, అని. పరాయిచోట ఊరి మీద బెంగతో పోయిన మనిషిని అతను అలా తలుచుకున్నాడు.

మూడో రోజుకు వీడియో పోయింది. 'ప్రమాదకరమైన వ్యక్తులను, సంస్థలను కీర్తించడం' అని కారణం చూపించారు. వారం తిరక్కముందే అకౌంటే పోయింది. ఏడేళ్ల ఫోటోలు, చెల్లెలి పెళ్లి, తండ్రి గొంతు ఉన్న నాలుగైదు మెసేజీలు, అన్నీ అందులోనే. అప్పీలు చేస్తే గుర్తింపు పత్రం అడిగారు. పాస్‌పోర్టు పంపాడు. అందులో పేరు వేరు, అకౌంటులో పేరు వేరు, కాబట్టి కుదరదన్నారు. ఊళ్లో పిలిచే పేరూ, కాగితం మీది పేరూ ఒకటి కాకపోవడం మా జగిత్యాలలోనూ మామూలే. మీ ఇళ్లలో కూడా ఒకరిద్దరు ఉంటారు, చూసుకోండి.

ఇది ఒక్క లాలా గోడే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

పాకిస్తాన్‌లోనే నాలుగు కోట్ల దరిదాపు మందికి పష్తో ఇంటిభాష. తెలుగువాళ్లలో సగమన్నమాట. ఆఫ్ఘనిస్తాన్‌ను కలిపితే ఇంకా ఎక్కువ. 1893లో గీసిన డ్యూరాండ్ గీత, అంటే ఇప్పటి పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు, ఈ జాతిని నడిమికి కోసింది. ఆఫ్ఘన్ వైపువాళ్లు 'బర్', పాకిస్తాన్ వైపువాళ్లు 'లర్', అంటే ఎగువా దిగువా. వీళ్లు ఎలాంటివాళ్లో లోకానికి చెప్పినవాళ్లంతా బయటివాళ్లే. 'యుద్ధ జాతి' అని రాసుకున్నది బ్రిటిష్ దొరలు. 1901లో ఆ దొరలే తెచ్చిన సరిహద్దు నేరాల చట్టం కింద ఒకడు తప్పు చేస్తే తెగ మొత్తానికి శిక్ష వేయొచ్చు. అది 2018 దాకా నడిచింది. ఉర్దూ టీవీ నాటకాల్లో పఠాన్ అంటే వాచ్‌మన్, లేదా మొద్దు. మిగతా ప్రపంచానికి గడ్డమూ తుపాకీ. మా గురించి మేమే చెప్పుకుంటాం అని 1928లో ఒకాయన 'పఖ్తూన్' అనే పత్రిక పెట్టాడు. మనం సరిహద్దు గాంధీ అని పిలుచుకునే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ ఆయనే. అందులో ఆడవాళ్లూ రాశారు. దొరలు దాన్ని ఆపించారు, మళ్లీ వచ్చింది, పాకిస్తాన్ ఏర్పడ్డాక పూర్తిగా మూతపడింది. ఆ తర్వాత తమ ముఖం తామే గీసుకోవడానికి అంతమంది చేతికి దొరికింది ఫోన్ ఒక్కటే. ఆ ఫోన్‌లో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చేది మీరు. మీ తీర్పుల వల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో వరసగా చెప్తాను.

1. మీరు తీసేసేది ఒక్కోసారి ఒక మనిషి నిర్దోషి అనడానికి ఉన్న ఏకైక సాక్ష్యం.

2018 జనవరి 13న కరాచీలో నకీబుల్లా మెహసూద్ అనే 27 ఏళ్ల యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపి, ఉగ్రవాదుల ఎన్‌కౌంటర్ అన్నారు. వజీరిస్తాన్ నుంచి వచ్చి, కరాచీలో దుకాణం పెట్టుకోవాలనుకున్నవాడు. మోడలింగ్ అంటే పిచ్చి. ఫేస్‌బుక్ నిండా అతని ఫోటోలే. పొడుగు జుట్టు, నల్లద్దాలు, రకరకాల పోజులు. పోలీసుల కథ టీవీలో నడుస్తుండగానే ఆ ఫోటోలు ఫోన్ల మీద పాకిస్తాన్ అంతా తిరిగాయి. చూసినవాళ్లకు కథ నమ్మబుద్ధి కాలేదు. ఆ రాత్రి లాలా పైమంచం మీంచి ఫోన్ కిందికి చాచి నాకు చూపించి ఒకటే మాట అన్నాడు. "ఈ ఫోటోలు లేకపోతే భాయ్, ఇతను కూడా తాలిబాన్ అయిపోయేవాడు." తర్వాతి ఏడాది కోర్టు కూడా నకీబుల్లా అమాయకుడే అని తేల్చింది. కోర్టులో విచారణ ఎదుర్కొన్న పోలీసులు మాత్రం 2023 జనవరిలో నిర్దోషులుగా బయటపడ్డారు. అది వేరే కోర్టు బాధ. ఇంకో సంగతి, నకీబుల్లాకు కూడా కార్డు మీద పేరు వేరు: నసీముల్లా. మీ లెక్కన అతని అకౌంటు కూడా కుదరదు.

ఆ నెలాఖరులోనే డేరా ఇస్మాయిల్ ఖాన్ నుంచి ఇస్లామాబాద్‌కు కుర్రాళ్లు పాదయాత్రగా బయలుదేరారు. దాన్నుంచి పుట్టిందే పష్తూన్ తహఫ్ఫుజ్ ఉద్యమం, అంటే పష్తూన్ల రక్షణ ఉద్యమం. మాయమైనవాళ్లను కోర్టులో నిలబెట్టండి, ఊళ్లలో మందుపాతరలు ఏరేయండి, చెక్‌పోస్టుల్లో మనుషుల్లా చూడండి. అడిగినవి ఇవే. పెద్ద టీవీలు వాళ్లను దాదాపు చూపించలేదు. లైవ్‌లు పెట్టుకుంటూ నడిచారు. నాయకుడు మంజూర్ పష్తీన్ నెత్తిన ఉన్నదే నేను పైన చెప్పిన ఎరుపు నలుపు టోపీ. తమాషా ఏమిటంటే అది వజీరిస్తాన్ టోపీయే కాదు. ఉత్తర ఆఫ్ఘనిస్తాన్‌లోని మజార్ వైపుది, మజారీ టోపీ అనేవాళ్లు. కొన్ని నెలల్లో అది పష్తూన్ టోపీ అయింది, పేరే పష్తీన్ టోపీ అయింది. మా క్యాంపులోనే నాలుగు కనిపించాయి. ఒకటి పెట్టుకున్నవాడు లాలాను ఎక్కిరించిన పెషావర్ డ్రైవరు. ఆ ఏడాది నుంచి 'మేర్', 'ప్లోర్' మీద జోకులు తగ్గాయి. లైవ్‌ల నిండా వజీరిస్తాన్ యాసే కదా మరి.

2024 అక్టోబరు 6న ఆ ఉద్యమాన్ని పాకిస్తాన్ ప్రభుత్వం ఉగ్రవాద వ్యతిరేక చట్టం కింద నిషేధించింది. ఇప్పుడు ఆ టోపీ ఫోటోలను, ఆ లైవ్‌లను మీరు ఏం చేస్తారన్నది నా భయం. ప్రభుత్వం జాబితాలో చేర్చింది కాబట్టి మా జాబితాలోనూ చేర్చాం అంటే, నకీబుల్లా లాంటివాడు ఇంకొకడు పోయిన రోజు చూపించుకోవడానికి ఫోటో కూడా మిగలదు.

2. మాట అర్థం తెలియని చోట మనిషికి శిక్ష పడుతోంది.

షహీద్ అనే మాట తీసుకోండి. బాంబులో పోయినవాడు షహీద్, సైనికుడు షహీద్, అన్యాయంగా పోయిన బంధువు షహీద్. మన 'అమరుడు' లాగే ఎవరి దుఃఖానికి తగ్గట్టు వాళ్లు వాడుకుంటారు. ఫేస్‌బుక్ నడిపే మెటా వాళ్లు పెట్టుకున్న పర్యవేక్షణ మండలే 2024 మార్చిలో ఈ మాట మీద గుడ్డిగా వేటు వేయొద్దని చెప్పింది, కంపెనీ చాలావరకు ఒప్పుకుంది. లాలాకు ఆ తీర్పు మూడేళ్లు ఆలస్యమైంది. 'తాలిబ్' ఇంకా చిక్కు. అసలు అర్థం విద్యార్థి. మదర్సా పిల్లల గురించి రాయాలన్నా ఆ మాటే వస్తుంది.

దీనికితోడు రాత. పష్తోలో ఒక అక్షరాన్ని కాందహార్‌వాళ్లు 'ష' అని పలుకుతారు, పెషావర్‌వాళ్లు 'ఖ' అని. అందుకే ఒకరు పష్తో అంటే ఇంకొకరు పఖ్తో అంటారు. లాలా లాంటివాళ్లు ఉర్దూ కీబోర్డుతోనో, ఇంగ్లీషు అక్షరాలతోనో, చెవికి ఎలా వినబడితే అలా రాస్తారు. ఒకే మాట పది రకాలుగా ఉంటుంది. మీ మెషీన్ దాన్ని చదివి అర్థం చేసుకుంటుందంటే నేను నమ్మను. 2021లో బయటికొచ్చిన ఫేస్‌బుక్ సొంత కాగితాల్లోనే ఉంది: ఆఫ్ఘనిస్తాన్‌లో ద్వేషం రగిల్చే పోస్టుల్లో చర్య తీసుకున్నవి వందకు ఒకటి కూడా లేవు, తిట్లు ఏవో గుర్తుపట్టే జాబితాయే సరిగా లేదు, ఫిర్యాదు చేసే దారి అక్కడి భాషల్లో దాదాపు లేదు. అంటే నిజంగా విషం కక్కినవాడు తప్పించుకుంటున్నాడు, తండ్రిని తలుచుకున్నవాడు దొరికిపోతున్నాడు.

3. దొంగ అకౌంటు ఒక ప్రాణం తీసింది, కానీ పేరు దాచుకున్న అకౌంట్లే ఎన్నో ప్రాణాలను నిలబెడుతున్నాయి.

మర్దాన్‌లో అబ్దుల్ వలీ ఖాన్ విశ్వవిద్యాలయం ఉంది. సరిహద్దు గాంధీ కొడుకు పేరు మీద కట్టిందే. అక్కడ 2017 ఏప్రిల్ 13న మశాల్ ఖాన్ అనే జర్నలిజం విద్యార్థిని తోటి విద్యార్థుల మూక క్యాంపస్‌లోనే కొట్టి, కాల్చి చంపింది. ఫేస్‌బుక్‌లో దైవదూషణ చేశాడని పుకారు. దర్యాప్తులో అలాంటిదేమీ దొరకలేదు. తన పేరుతో ఎవరో దొంగ అకౌంటు నడుపుతున్నారని ఆ అబ్బాయి నెలల ముందే పోస్టు పెట్టి చెప్పుకున్నాడు. కొట్టిన దృశ్యాలు మాత్రం ఫోన్ల మీద ఊరూరా తిరిగాయి.

అందుకే అందరి చేతా గుర్తింపు కార్డు చూపించమంటాం అని మీరనొచ్చు. ఇక్కడే ఆగి ఆలోచించండి. పష్తోలో 'లండే' అనే రెండు పాదాల పద్యం ఉంది. మొదటి పాదానికి తొమ్మిది అక్షరాలు, రెండోదానికి పదమూడు. ఎక్కువగా ఆడవాళ్లు కట్టినవి, ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. ప్రేమ, విరహం, ముసలి మొగుడి మీద వెటకారం, అన్నీ ఉంటాయి. కట్టినామె పేరు తెలిస్తే ఆమె బతకదు, కాబట్టి పేరు లేకుండానే వందల ఏళ్లు నడిచాయి. ఇప్పుడు ప్రొఫైల్ ఫోటోలో గులాబీ పువ్వు పెట్టుకుని మారుపేరుతో రాసే అమ్మాయి చేస్తున్నది అదే పని. ఊళ్లో సాయంత్రం మగవాళ్లు కూడే చావడిని 'హుజ్రా' అంటారు. ఆడవాళ్లకు అందులో చోటు లేదు. గులాబీ పువ్వు చాటునుంచి వాళ్లు మొదటిసారి హుజ్రాలో మాట్లాడుతున్నారు. 2009లో పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ నుంచి బీబీసీ ఉర్దూకు డైరీ రాసిన పదకొండేళ్ల పిల్ల కూడా 'గుల్ మకయ్' అనే మారుపేరుతోనే రాసింది. పష్తో జానపద కథలోని నాయిక పేరు అది. ఆ పిల్ల మలాలా అని తర్వాత తెలిసింది. పేరు బయటపడ్డాక ఏమైందో చెప్పక్కర్లేదు.

రెండో వైపు కూడా ఉంది. 2020 మే నెలలో వజీరిస్తాన్‌లో ఇద్దరు అమ్మాయిలను సొంతవాళ్లే చంపారు. ఒక యువకుడితో ఉన్న నిమిషం నిడివి కూడా లేని వీడియో బయటికి రావడమే కారణం. ఒక పష్తూన్ ఆడపిల్ల ముఖం ఆమెకు తెలియకుండా మీ దగ్గరికి వచ్చిందంటే అక్కడ గంటలే లెక్క. దానికి 'మీ ఫిర్యాదు అందింది' అని జవాబిస్తే సరిపోదు.

4. నెట్ ఆగితే మీ లెక్కల్లో ఒక గీత కిందికి దిగుతుందేమో. అక్కడ చదువు ఆగింది.

2020లో కరోనాకు బడులు మూసి పాఠాలు ఆన్‌లైన్ అన్నప్పుడు, వజీరిస్తాన్ లాంటి గిరిజన జిల్లాల పిల్లలకు మొబైల్ నెట్టే లేదు. రోడ్డెక్కారు, కోర్టుకు పోయారు. దక్షిణ వజీరిస్తాన్‌లో 3జీ, 4జీ ఇస్తామన్న ప్రకటన 2021 జనవరిలో గాని రాలేదు. 2024 ఫిబ్రవరిలో పాకిస్తాన్ మొత్తం మీద ఎక్స్‌ను, అంటే పాత ట్విట్టర్‌ను ఆపేశారు, ఏడాది పైగా తెరవలేదు. అటుపక్క కాబూల్లో తాలిబాన్ 2022లో టిక్‌టాక్ నిషేధించారు, 2025 సెప్టెంబరు చివర్లో దేశం మొత్తానికీ నెట్ కోసేశారు, దాదాపు రెండు రోజులు. నాయకుల్లో చాలామంది పష్తూన్లే, నొక్కింది పష్తూన్ల నోరు కూడా. ఇవి మీ తప్పులు కావు, తెలుసు. కానీ ఫలానా పోస్టు తీసేయమని ప్రభుత్వం అడిగితే మీరు ఎన్నిసార్లు తలూపారు, అందులో పష్తోవి ఎన్ని, అది మీ చేతిలోదే.

5. ఎవరికి ఏది చూపించాలో తేల్చే మీ మెషీన్ లెక్క ఏ ముఖాన్ని ముందుకు తోస్తోందో అదే అసలు ముఖం అయిపోతోంది.

వాళ్లలో ఒక మాట ఉంది: పష్తో మాట్లాడటం వేరు, పష్తో చేయడం వేరు. చేయడమంటే గడపకు వచ్చినవాడికి రొట్టె పెట్టడం, శరణన్నవాణ్ణి కాపాడటం, అన్నమాట నిలబెట్టుకోవడం. లాలా తన ట్రెయిలర్ తాళాలు పోగొట్టిన బంగ్లాదేశీ హెల్పర్ తరఫున మేనేజర్‌తో కొట్లాడి జరిమానా తనే కట్టాడు. అది పష్తో చేయడం. అది వీడియో కాదు, ఎవరూ చూడరు. చూసేది ఏమిటి? కళ్లజోడు, కలాష్నికోవ్, వెనక డప్పు. ఈ రోజుల్లో పష్తో 'చూపించడం' అని మూడోది వచ్చింది. లాలా మేనల్లుడు పుస్తకం ముట్టడు, పక్కింటాయన తుపాకీ అడిగి తెచ్చి వీడియోలు చేస్తాడు. పెద్దలకు ఇవన్నీ చూసి మండి, 2021 మార్చిలో పెషావర్ హైకోర్టు టిక్‌టాక్‌నే మూయించింది. కొన్ని వారాలకు మళ్లీ తెరిచారు. ఎలకల కోసం ఇల్లు తగలబెట్టినట్టుంది ఆ వైద్యం.

మంచివీ ఉన్నాయి. ఏటా సెప్టెంబరు 23న పష్తూన్ సంస్కృతి దినమని లండన్ నుంచి క్వెట్టా దాకా అత్తణ్ నాట్యం వీడియోలు పెడతారు, గుండ్రంగా తిరుగుతూ, వేగం పెంచుకుంటూ. చూడముచ్చటగా ఉంటుంది. దాని పక్కనే మీ యంత్రం ఇంకో సరుకు వడ్డిస్తుంది. నిజమైన పష్తూన్ ఎవరు? ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు పష్తూనేనా? పంజాబీలో పెళ్లి చేసుకున్నవాడు? ముఖం కనిపించే ఫోటో పెట్టిన అమ్మాయి? పష్తూన్లు ఇజ్రాయెల్ నుంచి తప్పిపోయిన తెగ అనే పాత కథ మళ్లీ బతికింది, రోజుకొక 'రుజువు'తో. ఆఫ్ఘనిస్తాన్ వైపు పష్తూన్, తాజిక్, హజారా కుర్రాళ్లు తిట్టుకునే తిట్లు నేను రాయలేను. లాలా కూడా పులుకడిగిన ముత్యమేమీ కాదు. పంజాబీల మీద ఒక దరిద్రపు జోకు రూములో అందరికీ ఫార్వర్డ్ చేశాడు. మా రూములో పంజాబీ ఉన్నాడు. నేను గొడవ పడ్డాను, రెండు వారాలు మాట్లాడుకోలేదు. మనుషుల్లో ఉన్న చెడును మీరు పుట్టించలేదు. కానీ నెమ్మదైన మాటకు పది మందినీ, తిట్టుకు పది వేల మందినీ తెచ్చిపెట్టే ఏర్పాటు మీది.

6. ఇది మన తెలుగు ఛానళ్లకు. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయినప్పుడు తలపాగా ఉన్న ప్రతివాడి ఫోటోనూ థంబ్‌నెయిల్‌లో పెట్టి 'తాలిబాన్ రాక్షసులు' అని రాసినవాళ్లు మీలో ఉన్నారు. గుంటూరులో, కడపలో పఠాన్ ఇంటిపేరున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కర్నూలును, కడపను ఏలిన నవాబులు పఠాన్లే. ఆ పిల్లలు బడికి పోయినప్పుడు మీ థంబ్‌నెయిల్ వాళ్లకంటే ముందే క్లాసులో కూర్చుని ఉంటుంది.

ఇక మేం అడిగేవి.

1. పష్తో తెలిసిన మనిషి చూడకుండా పష్తో పోస్టునూ, అకౌంటునూ శాశ్వతంగా తీసేయకూడదు. పష్తో అంటే ఒక్క పెషావరుది కాదు. కాందహార్‌ది, వజీరిస్తాన్‌ది కూడా వచ్చినవాళ్లు ఉండాలి. వాళ్లు దొరకరంటే మా షార్జా క్యాంపులో అడగండి.

2. నియమాలు పష్తోలో పెట్టండి, చదవలేనివాళ్లకు వినిపించండి. అప్పీలు గొంతుతో చెప్పుకునే వీలు ఇవ్వండి. రాయడం రానివాడికి రాసి పంపమనడం తీర్పు ముందే రాసిపెట్టుకున్నట్టు.

3. ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒక్కటే గతి అనకండి. పాకిస్తాన్‌లో లక్షల కార్డులు 'అనుమానం' పేరుతో స్తంభించిపోయాయి, ఎక్కువగా దెబ్బతిన్నది పష్తూన్లే. మారుపేరుతో రాసే ఆడవాళ్ల మారుపేరు జోలికి పోవద్దు.

4. ఆడవాళ్ల అనుమతి లేని వీడియో మీద ఫిర్యాదు వస్తే ముందు ఆపి, తర్వాత విచారించండి. ఈ ఒక్కచోట తొందరపడితే తప్పు లేదు.

5. దొంగ అకౌంటు మీద ఫిర్యాదు చేసినవాడికి ఒక తేదీ, ఒక నంబరు, ఒక మనిషి జవాబు ఇవ్వండి.

6. ప్రభుత్వాలు తీసేయమన్న పోస్టుల లెక్క భాషలవారీగా ఏటా బయటపెట్టండి.

7. అకౌంటు మూసినా సరే, అందులోని ఫోటోలు, గొంతులు ఆ మనిషికి తిరిగి ఇచ్చేయండి. ఇల్లు జప్తు చేసినా గోడ మీది తండ్రి పటాన్ని ఎవరూ పట్టుకుపోరు.

హైదరాబాద్ షిఫ్టుల్లో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ వేరుగా ఒక మాట. మీ కష్టం నాకు కొంత తెలుసు. మా వాడకట్టు పిల్ల ఒకతి ఆ పని చేసి నిద్ర పట్టక మానేసింది. రోజుకు ఇన్ని చూడాలని మీ మీద లెక్క ఉంటుంది. మీ ముందుకు తెలియని భాష వస్తే, అనువాదం చదివి అనుమానం కలిగితే, 'తీసేయి' నొక్కకుండా పైకి పంపే దారి ఉందేమో చూడండి. లేకపోతే మీ పెద్దలను అడగండి. నేను అడిగితే వినలేదు, మీరు అడిగితే వింటారేమో.

లాలా ఇప్పుడు కూడా షార్జాలోనే ఉన్నాడు. కొత్త అకౌంటు తెరిచాడు. అందులో పష్తో ఒక్క ముక్క లేదు. ట్రెయిలర్ ఫోటోలు, క్రికెట్, ఉర్దూలో గుడ్ మార్నింగులు. టోపీ ఎక్కడని మొన్న కాల్‌లో అడిగితే పెట్టెలో ఉందన్నాడు. తల్లికి మాత్రం ఇంకా పొడుగు వాయిస్ మెసేజీలే. తండ్రి గొంతు మీ సర్వర్లలో ఎక్కడో ఉందో, చెరిపేశారో అతనికి తెలియదు. అదొక్కటి చెప్పినా చాలంటాడు.

అప్పీలు నంబరు నా దగ్గర ఉంది. నైట్ షిఫ్టులో ఎవరైనా ఇది చదివితే అడగండి, ఇస్తాను.

ఇట్లు,
షార్జా నుంచి తిరిగొచ్చిన ఒక టైమ్‌కీపర్,
జగిత్యాల జిల్లా